చాచా చెప్పిన అడవి వీరుడి కొడుకు కథ

బూర్గంపాడులో పుస్తకాలు బైండింగు చేసే చాచా పోయారు. పోయిన వారం పొద్దున, ఖమ్మంలో ఆఫీసుకు బయలుదేరుతుంటే ఆయన కూతురు ఫోన్ చేసింది. "అన్నా, అబ్బా పోయిండు. సాయంత్రం అసర్ నమాజ్ అయినంక తీస్కపోతరు. మీ నాయినను గూడ తోల్కరా" అంది. ఈ వయసుకు ఇలాంటి ఫోన్లు అలవాటైపోయాయి. అయినా ఆ రోజు ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండోది చేత పట్టుకుని గడపలోనే కూలబడ్డాను.

చాచా నాకు చుట్టం కాదు, చదువు చెప్పిన పంతులూ కాదు. తొమ్మిదో తరగతికి బూర్గంపాడు హాస్టల్లో చేరినప్పుడు బడికి పోయే దారిలో ఆయన కొట్టు ఉండేది. కొట్టంటే ఒక చెక్క బల్ల, పుస్తకాలు బిగించే ఇనుప ప్రెస్సు, మైదా జిగురు గిన్నె, అంతే. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపేవారు. అందుకని ఆయన వేళ్ల సందులు ఎప్పుడూ నీలంగా ఉండేవి. దారాన్ని కత్తెరతో తెంపడం నేనెన్నడూ చూడలేదు, పళ్లతోనే కొరికేవారు. నెమ్మదైన మనిషే కానీ, పేజీ మూల మడిచినవాడు కనబడితే మాత్రం ఊరుకునేవారు కాదు. "నీ చెవు గిట్ల మడుస్త, ఎట్లుంటదో చూడు" అనేవారు.

పాత కాగితాల మూటల్లో ఒక్కోసారి ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు వచ్చేవి. అట్టలు ఊడినవి, అంచులు చెదలు తిన్నవి. చాచా వాటిని పారెయ్యలేక కొత్త అట్టలు వేసి దాచేవారు, మాలాంటి హాస్టలు పిల్లలకు చదివి వినిపించేవారు. చదవడమంటే బొమ్మలు చూసి చెప్పడమే. ఆయనకు ఇంగ్లీషు రాదు, తెలుగు మాటే తప్ప అక్షరం రాదు. చదవడం వచ్చింది ఉర్దూ ఒక్కటే.

అందులో ఒకటి ఎంతో పేరున్న అడవి వీరుడి కొడుకు కథ. చాచా చెప్పినదాని ప్రకారం, ఆ కొడుకు మొదట్లోనే సింహాన్ని చంపుతాడు, ఏనుగుల మీద ఊరేగుతాడు. పోనుపోను ఈ పోరాటాలన్నీ వదిలేసి ఓడెక్కుతాడు. చివరి పేజీలో పట్నంలో ఒక ఇంట్లో, తల్లి పక్కన కుర్చీలో బుద్ధిగా కూర్చుని పుస్తకం చదువుకుంటుంటాడు. "చూసినవా బేటా, అడవిల పుట్టినోడు అడవిల్నే ఉండాల్నని ఏడ రాసున్నది? తండ్రి తండ్రే, కొడుకు కొడుకే" అనేవారు చాచా.

ఆ మాట నాకోసమే అన్నట్టుండేది. మా నాన్న ములకలపల్లి అవతల వెదురు నరికించే కూపుల్లో మేస్త్రీ. మీదికొచ్చిన ఎలుగుబంటిని ఒక్కడే గొడ్డలితో తరిమాడని చుట్టుపక్కల ఊళ్లన్నిటా పేరు. ఆయన కొడుకునైన నేను, ఎలుగు మాట దేవుడెరుగు, ఎండుటాకుల్లో తొండ కదిలినా ఇంట్లోకి లగెత్తేవాణ్ని. "పులి కడుపున పిల్లి పుట్టిందిరా" అని కూలీలు నవ్వేవారు. సెలవులొస్తే నాన్న నన్ను కూపుకు రమ్మనేవాడు. రానని చెప్పడానికి కూడా ధైర్యం కావాలి కదా, అదీ లేదు నాకు.

ఆ ఏడు ఎండాకాలం సెలవులకు నన్ను తీసుకుపోవడానికి నాన్న హాస్టలుకు వచ్చాడు. నేను పెట్టెతో సహా వెళ్లి చాచా కొట్లో ప్రెస్సు వెనక దాక్కున్నాను. వెతుక్కుంటూ నాన్న అక్కడికే వచ్చాడు. చాచా నన్ను లేపి, "పో, జల్దీ రెండు చాయ్ పట్కరా" అని పంపించారు. తిరిగొచ్చేసరికి వాళ్ల మాటలు అయిపోయినట్టున్నాయి. నాన్న నా మొహం చూడలేదు. "ఈ సెలవులకు ఈడనే ఉండి చాచా దగ్గర పని నేర్సుకో" అని లేచి వెళ్లిపోయాడు.

మళ్లీ ఎప్పుడూ నన్ను కూపుకు రమ్మనలేదు. అడవి తప్పినందుకు సంతోషించాల్సింది పోయి, నాన్న నన్ను లెక్కలోంచి తీసేశాడని కుమిలిపోయాను. పెళ్లయి, ఉద్యోగం వచ్చి, జుట్టు నెరిసినా ఆ ముల్లు దిగే ఉంది. ఆ రోజు ఏం మాట్లాడుకున్నారని చాచాను ఎన్నిసార్లో అడిగాను. "కుట్టు లోపలుంటది బేటా. లాగి చూస్తే పుస్తకం ఊడిపోతది" అని తప్పించేవారు.

డిగ్రీ చదివేటప్పుడు ఖమ్మంలో ఫుట్‌పాత్ మీద అదే బొమ్మల పుస్తకం అట్టతో సహా దొరికింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఉర్దూ పుస్తకం కుడివైపు నుంచి తెరుస్తారు. చాచా అలవాటుకొద్దీ కొత్త అట్ట అటువైపు వేసి, కథంతా చివరి నుంచి మొదటికి చెప్పారు. అసలు కథలో కొడుకు పట్నంలో పుట్టి, తండ్రికి తగినవాడనిపించుకోవడానికి అడవికి పోతాడు. నాకు ఒళ్లు మండింది. బస్సెక్కి బూర్గంపాడు వెళ్లి, "మీరు చెప్పిందంతా తలకిందులు" అని ఆయన బల్ల మీద పడేశాను.

చాచా పుస్తకాన్ని అటు తిప్పారు, ఇటు తిప్పారు. "అరె, ఇంతమంది పిల్లలకు ఉల్టా చెప్పిన్నా" అని నొచ్చుకున్నారు. కాసేపటికి తలెత్తి, "అయినా మన దిక్కు నుంచే మంచిగున్నది బేటా. ఇంటికి చేరుకుంటడు గద" అన్నారు. అంత పెద్దమనిషి దగ్గర ఆ రోజు నోరు పారేసుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. అది ఆయనకు ఒక్కసారైనా చెప్పలేకపోయాను.

పోయిన వారం ఊరికి వెళ్లి నాన్నను తీసుకుని బూర్గంపాడు చేరాను. కబరస్తాన్‌లో అందరితో పాటు నాన్న కూడా మూడు గుప్పిళ్ల మట్టి వేశాడు. వంగలేకపోతే నడుము పట్టుకున్నాను. తిరుగు ప్రయాణంలో ఇద్దరం ఆటో ఎక్కాం. నాన్న ఎదురుగా రోడ్డు చూస్తూ అన్నాడు:

"ఎలుగును నేను తరమలేదురా. గొడ్డలి ఆడనే పడేసి వాగుల దుంకిన. అదే తిరిగి పోయింది. మంది తలా ఒకటి జెప్పుకుంటుంటే కాదనలేకపోయిన. ఆ తర్వాత కూపుల అడుగు పెట్టిన పతిరోజు భయపడుకుంటనే పనిజేసిన."

నేను ఆయన వైపు తిరిగాను.

"ఆ దినం మీ చాచా అడిగిండు, నీకు భయం లేదా అని. అట్ల అడిగినోడు ఆయినొక్కడే. చెప్పేసిన. నీకెట్ల చెప్తరా? నువ్వు భయమైతే దాక్కున్నవ్. నాకు దాక్కునే జాగ గూడ లేకపాయె. అందుకే నిన్ను ఆడ ఇడిసి వచ్చిన."

చాచా ఇన్నేళ్లూ ఆ మాటను నాకైనా చెప్పకుండా మోశారు. చెప్పి ఉంటే నా ముల్లు పోయేది, మా నాన్న పేరు పోయేది. ఎవరిది ఎక్కువ బరువో ఆయనకు తెలుసు. నేను ఏడ్చాను, దాచుకోవాలనిపించలేదు.

పొద్దు గూకుతుండగా ఆటో అడవి దారిలోకి మళ్లింది. రెండు పక్కలా వెదురు పొదలు మొదలయ్యాయి. నాన్న మెల్లగా నావైపు జరిగి, నా చెయ్యి పట్టుకున్నాడు. ఊరి దీపాలు కనబడేదాకా వదల్లేదు.