ఇంకేమీ వద్దన్నాను

పట్నం కాలేజీలో మాకు బాక్సింగ్ నేర్పిన మాస్టారు మొదటిరోజే ఒక మాట గట్టిగా చెప్పారు. అమెచ్యూర్ అన్నవాడు దెబ్బలు ఊరికే తినాలి. ప్రతిఫలం పుచ్చుకున్నాడా, ప్రొఫెషనల్ అయిపోతాడు, ఇక ఏ కాలేజీ పోటీకీ పనికిరాడు. ఊరికే తినే విషయంలో నేను మంచి విద్యార్థిని.

పోలీసు చర్య తరువాత హుజూర్‌నగర్ దగ్గరి మా ఊరికి వచ్చాను. ఊరి బయట మిలిటరీ క్యాంపు వెలిసింది. కమ్యూనిస్టు దళానికి అన్నం పెట్టారని మా మేనమామనూ, మా గొర్రెలు కాసే మనిషినీ పట్టుకుపోయి అందులో ఉంచారు. అన్నం పంపింది మామ. మోసుకుపోయింది కాపరి.

మామకు సద్ది తీసుకుపోయినప్పుడు క్యాంపు అధికారి నా వంకర ముక్కు చూసి, బాక్సరువా అని హిందీలో అడిగాడు. ఆదివారం తన హవల్దారుతో ఆడమన్నాడు. జవాన్లకు పొద్దుపోవడం లేదట. ఎంత తీసుకుంటావన్నాడు.

"డబ్బు తీసుకోను. అమెచ్యూర్‌ని."

"మరేం కావాలి?"

"మా మామను వదలండి."

ఆయన నవ్వాడు. "అంతేనా? ఇంకేమైనా?"

ముళ్లతీగ కంచె వెనక మామ పక్కనే కాపరి కూర్చుని ఉన్నాడు. ఇద్దరినీ వదలమంటే బేరమాడినట్టు ఉంటుందనిపించింది. మామ సంగతి ఇంటి విషయం, రెండోవాడైతే ఫీజు. "ఇంకేమీ వద్దు" అన్నాను, ఎంతో మర్యాదగా.

ఆదివారం హవల్దారు నన్ను మూడు రౌండ్లూ ఓపికగా కొట్టాడు. గెలవాలన్న షరతు లేకపోవడం మా మామ అదృష్టం. సాయంత్రం ఆయన బయటికి వచ్చాడు. గేటు దగ్గర నిలబడ్డ కాపరి భార్య, మామ వెనక ఇంకెవరైనా వస్తారేమోనని చూసింది. గేటు మూశారు.

"చిన్న పటేలా, మా ఆయన ముచ్చట తియ్యలేదా?"

"లేదు."

వాచిన నా మొహం చూసింది. "పోనీ తియ్యి. గిన్ని దెబ్బలు తిన్నంక ఏం యాదికుంటది?"

ఇంకేమైనా కావాలా అని అధికారి నన్ను అడిగింది దెబ్బలకు ముందే అని చెప్పే ధైర్యం రాలేదు.

దారిలో మామ నవ్వుతూనే అన్నాడు: "ఇంకో రెండు తింటె వాడు గూడ వస్తుండె గదరా అల్లుడా! నీకు దెబ్బలు కొత్తనా?" ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, ముట్టకుండా లేచాడు.

పొద్దున్నే క్యాంపుకు పరుగెత్తాను. మళ్లీ ఆడతాననీ, ఈసారి ఫీజు కావాలనీ చెప్పాను. మిగిలినవాళ్లను తెల్లవారకముందే లారీలో నల్లగొండ జైలుకు పంపామన్నాడు అధికారి. "నిన్న అడిగి ఉంటే..." అని ఆగిపోయాడు. మంచివాడే.

కాలేజీ తెరిచారు. పోటీలకు ముందు మాస్టారు, ఎన్నడైనా ప్రతిఫలానికి ఆడావా అని అందరినీ అడిగినట్టే నన్నూ అడిగారు. లేదన్నాను. కప్పు గెలిచాను.

కాపరి విడుదలై వచ్చేసరికి అతని జుట్టు నెరిసింది, సొంత మంద సగానికి సగమైంది. మా ఇంటికి వచ్చి, గూట్లో ఉన్న కప్పును చేతిలోకి తీసుకున్నాడు.

"గిది ఎందుకిచ్చిండ్రు పటేలా?"

"కొట్లాటలో గెలిచినందుకు."

"నాకోసం గూడ కొట్లాడినవంట గద. మా ఆమె చెప్పింది. నీ మొహమంత వాచిందట."

నేనేదో అనబోయాను. ఆయన అప్పటికే గొంగడి అంచుతో కప్పును తుడిచి, ఉన్నచోటే జాగ్రత్తగా పెడుతున్నాడు.