నూనె రాసిన పాపాయి ఊపిరి

ఆ రోజుల్లో నాకు రెండు సంగతులు గట్టిగా తెలుసు. రెండూ నిజాలే కావడం వల్లే అంత ముప్పు వచ్చింది. కప్ప చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుందని, ఆ చర్మం ఎండిపోతే బతకదని ఏడో తరగతిలో సైన్సు టీచరుగారు చెప్పారు. రెండోది రెడ్డిగూడెంలో మా తాతయ్య మామిడి తోటలో నేర్చుకున్నాను. కాయలు కోసేవాళ్లు సొన పడి ఒళ్లు కాలకుండా ముందే చేతులకి నూనె పట్టించుకుంటారు. అంటే నూనె రాస్తే చర్మంలోకి ఏదీ దిగదన్నమాట. (ఈ తెలివి పరీక్షల్లో ఎప్పుడూ కనబడలేదు.)

ఆ వేసవిలో పిన్ని పురిటికి వచ్చింది. ఒకరోజు పొద్దున్నే అమ్మమ్మ నెల నిండిన పాపాయికి అరికాళ్ల నుంచి మాడు దాకా నూనె పట్టించి, వరండాలో చాప మీద పడుకోబెట్టి, "చూస్తూండు" అని నాకు చెప్పి వేన్నీళ్లకి వెళ్లింది. చూశాను. ఒళ్లంతా మిలమిలా మెరుస్తోంది, పొట్ట గబగబా ఎగిరిపడుతోంది. గాలి దూరడానికి ఒక్క సందు కూడా వదల్లేదే! గదిలో పడుకున్న పిన్నిని పిలిస్తే "ఉండవే" అని అటు తిరిగింది. ఇక నేనే దిక్కనుకుని దండెం మీది తువ్వాలు లాగి పాపాయిని తుడవడం మొదలుపెట్టాను, మధ్యమధ్యలో అదే తువ్వాలుతో నా కన్నీళ్లూ తుడుచుకుంటూ. పాపాయి కెవ్వుమంది.

"ఏం చేస్తున్నావే!" అంటూ అమ్మమ్మ పరిగెత్తుకొచ్చింది.

"పాపకి ఊపిరాడట్లేదమ్మమ్మా, కప్పలా చర్మంతో పీల్చాలిగా, నూనె తీసేస్తున్నా!"

అమ్మమ్మ తువ్వాలు లాక్కుని వాసన చూసింది. "ఇది మీ తాతయ్య కాయలు తుడిచిన గుడ్డే! అంతా సొనే!"

పిన్ని ఏడుపు అందుకుంది. అమ్మమ్మ పాపాయికి నీళ్లు పోసి, మళ్లీ నూనె రాసింది. ఆ రోజంతా నేను అన్నం ముట్టలేదు. పాపాయి బుగ్గల మీద ఎర్రమచ్చ తేలుతుందేమోనని చాప పక్కనుంచి కదల్లేదు. సాయంత్రానికి మచ్చ తేలింది. నా బుగ్గ మీద.

"దానికి నూనె ఉంది కాబట్టి సరిపోయింది. నీకేదే, కప్ప టీచరూ?" అంది అమ్మమ్మ, నా మొహానికి వెన్న రాస్తూ.

ఇప్పుడు నాకూ నాలుగు నెలల కూతురు. జువాలజీలో డిగ్రీ చేశాను. మనుషుల ఊపిరికి ఊపిరితిత్తులున్నాయనీ తెలుసు. అయినా నూనె రాసిన ప్రతిసారీ పాప ముక్కు కింద వేలు పెట్టి చూస్తాను. (ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచాను.) ఆనాటి పాపాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. రోజూ ఫోన్ చేసి, "ఏంటక్కా, నీ కప్పపిల్ల ఊపిరి పీలుస్తోందా?" అని ఆటపట్టిస్తుంది.

నవ్వుతూనే "ఉండవే" అంటాను. వెళ్లి వేలు పెట్టి చూసొచ్చి, అప్పుడు చెబుతాను.

"ఆఁ, పీలుస్తోంది."