పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది, బస్వరాజ్

ఈ పొద్దున టీ తాగుతూ ఫోన్ చూస్తుంటే మా స్కూల్ గ్రూపులో బస్వరాజ్ ఫోటో కనిపించింది. పుట్టినరోజేమో అనుకుని పూలగుత్తి బొమ్మ పెట్టేశాను.

తర్వాత కింద చదివాను.

గుండెపోటట. నిన్న సాయంత్రమే పోయాడట.

ఆ పూలగుత్తి తీసేసేలోపే పదకొండు మంది చూశారు. ఏడుపు కన్నా ముందు సిగ్గొచ్చింది.

జహీరాబాద్ బజార్లో వాళ్లది గడియారాల రిపేరు దుకాణం. ఎనభైల్లో మా ఇద్దరికీ ఒకటే పిచ్చి. రేడియోకి పాటలు కోరుతూ ఫర్మాయిష్ కార్డులు రాయడం. పాట కోసం కాదు, పాటకు ముందు చదివే పేర్ల కోసం.

"జహీరాబాద్ నుంచి బస్వరాజ్" అని వినబడితే వాడిని పట్టలేం. "నా పేరొచ్చింది, ఇన్నవా?" అని బజారంతా అడిగి వచ్చేవాడు. రాని రోజు అన్నం ముట్టేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం పేర్లు చదువుతున్నారు. లోపల జ్వరంతో పడుకున్న వాళ్ల నాయిన పిలిచాడు.

"జర ఆగు నాయినా, పేర్లు సదువుతున్రు" అన్నాడు వీడు. నేను పక్కనే ఉన్నాను.

ఆయన రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవలేదు.

ఆ రోజు వీడి పేరు కూడా రాలేదు.

దినాలయ్యాక ట్రాన్సిస్టర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నీ దగ్గర్నే పెట్టుకో. నేనడిగినా ఇయ్యకు."

వారానికే వచ్చి బతిమాలాడు. ఇచ్చేశాను. జాలితో కాదు. ఒక్కడినే వింటుంటే నాకు మజా రావట్లేదని.

నిరుడు మళ్లీ వచ్చాడు, ఈసారి ఫోన్‌తో.

"గడియారం ఇప్పి పెట్టి గంటలు గంటలు దీన్నే సూస్తున్న రా. ఎవలు లైక్ కొట్టిన్రు, ఎవలు కొట్టలే, ఇదే ఫికర్. నా పేజీ పాస్‌వర్డ్ నువ్వే మార్చు. నేనడిగినా చెప్పకు."

మార్చాను. నాలుగో రోజే అడిగాడు. ఈసారి చెప్పలేదు. ఎంత గట్టిగా నిలబడ్డానో అని నాలో నేనే మురిసిపోయాను.

అప్పట్నుంచి వాడు అందరికీ ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. పనుండి కాదు, "ఏం జేస్తున్నవ్ రా" అని అడగడానికి. మాలో ఎవరం సరిగ్గా ఎత్తలేదు.

నిన్న మధ్యాహ్నం నాకు రెండుసార్లు చేశాడు.

ఫోన్ నా చేతిలోనే ఉంది. ఏదో వీడియో చూస్తున్నాను, సగంలో ఆపబుద్ధి కాలేదు. "జర ఆగు రా" అని పైకే అన్నాను.

మూడోసారి చేయలేదు.

ఇప్పుడు వాడి పేజీ నిండా వాడి పేరే. జహీరాబాద్, కోహీర్, న్యాల్‌కల్ నుంచి అందరూ రాస్తున్నారు. బతికుండగా అందులో సగం మంది పలకరించినా వాడికి చాలేది.

సిగ్గు విడిచి చెబుతున్నా. ఇది పెట్టాక ఎంతమంది చూశారో మళ్లీ మళ్లీ చూస్తాను. నాకిక నయం కాదు.

పోయిరా బస్వరాజ్. ఎవరూ పేర్లు చదవని చోట నిమ్మళంగా పడుకో.