కింద నిలబడి మోసే పిల్ల

మా మనవరాలు చరిత సాధించిన మొదటి ఘనకార్యం వెనక్కి పల్టీ. నిలబడ్డ చోటినుంచి వెనక్కి వంగి, అరచేతులు నేలకు ఆన్చి, కాళ్లు తలమీదుగా తిప్పి, మళ్లీ నిటారుగా నిలబడాలి. రాసినంత తేలిక కాదు. ఆరో తరగతిలో మొదలుపెడితే ఏడో తరగతి సగం గడిచేదాకా దానికి పట్టుబడలేదు. తోటి పిల్లలు నేర్చేసుకుని ముందుకు వెళ్లిపోయారు. ఇది మాత్రం ప్రతిసారీ ఎడమ భుజం మీద పడేది, లేచి దులుపుకునేది, మళ్లీ వెళ్లి వరసలో నిలబడేది. కెనడాలో మా విన్నిపెగ్ చలికాలం సంగతి ఇక్కడి మన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కనురెప్పలకు మంచు పట్టే రోజున కూడా జిమ్ మానలేదు. అలాంటి ఫిబ్రవరిలో ఒక శనివారం పల్టీ కొట్టి నిలబడింది. బెంచీ మీద కూర్చున్న నేను చప్పట్లు కొడితే, సిగ్గుపడి తల దించుకుని వెళ్లి నీళ్లు తాగింది.

ఆ తల దించుకోవడం గురించే ఈ కథంతా.

చరిత మా అమ్మాయి విద్య కూతురు. విద్య ఇక్కడ మందుల షాపులో ఫార్మసిస్టు. అల్లుడు రవిశంకర్ కరెంటు కంపెనీలో ఇంజనీరు. నేను కొవ్వూరు దగ్గర పల్లెటూరి బడిలో చదివినవాణ్ణి. మా ఆవిడ పోయాక వీళ్ల దగ్గరికి వచ్చి, మనవరాలిని జిమ్‌కు తీసుకెళ్లే ఉద్యోగంలో చేరాను. కారు నడపను కాబట్టి ఇద్దరం బస్సులోనే వెళ్లేవాళ్లం.

జిమ్‌లో నేర్పే పంతులమ్మ పేరు అంజేష్ని. వాళ్ల పూర్వీకులు మన వైపునుంచే చెరుకు తోటల పనికి ఫిజీ వెళ్లారట. ఈవిడ బ్రిటిష్ కొలంబియాలో పుట్టి పెరిగి, యూనివర్సిటీలో చీర్‌లీడింగ్ జట్టులో ఆడి, పెళ్లయ్యాక విన్నిపెగ్ వచ్చింది. వాళ్ల అమ్మమ్మ జ్ఞానవతి గారినుంచి వచ్చిన తెలుగు మాటలు రా, పో, లే, తిను, వద్దు. అంతకు మించి రాదు. ఆ కాసిని మాటలతోనే మా పిల్లను ఇంతదాన్ని చేసింది. నన్ను "తాతా" అంటుంది. మా ఇంట్లో ఆవకాయ సీసా కొత్తది తెరిచామంటే ఎలా తెలుస్తుందో గాని ఆ ఆదివారం ప్రత్యక్షమవుతుంది.

చీర్‌లీడింగ్ అంటే డాన్సా అని తెలుగు సంఘం పిక్నిక్కులో నన్ను చాలామంది అడిగారు. డాన్సు కొంత ఉంది. పల్టీలున్నాయి. ఆట చూడటానికి వచ్చిన జనాన్ని కేకలతో ఉత్సాహపరచడం ఉంది. అన్నింటికన్నా ముఖ్యం మనిషిని ఎత్తడం. ముగ్గురు కింద నిలబడి ఒక అమ్మాయిని అరచేతుల మీద తలకన్నా పైకి లేపుతారు. ఆ అమ్మాయి పైన ఒంటికాలి మీద నిలబడి నవ్వుతుంది. జనం అందరూ ఆ నవ్వే పిల్లనే చూస్తారు. కింద మోసేవాళ్ల మొహాలు ఎవరికీ గుర్తుండవు. మా చరిత కింద నిలబడి మోసే పిల్ల.

హైస్కూలు జట్టులో చేరిన మొదటి ఏడాదే దాన్ని ప్రధానంగా మోసే స్థానంలో పెట్టారు. పదకొండో తరగతిలో రాష్ట్ర పోటీల్లో వాళ్ల జట్టుకు రెండో స్థానం వచ్చింది. పన్నెండులో జట్టు నాయకురాలైంది. లెక్కల్లో తొంభై దాటుతుంది. చిన్న పిల్లల జట్టుకు ఆదివారాలు తనే నేర్పుతుంది. ఇన్నేళ్లలో దాని చేతిమీదనుంచి జారి కిందపడ్డ పిల్ల ఒక్కతీ లేదు. ఇది నేను మనవరాలని చెప్పే మాట కాదు, అంజేష్ని చెప్పింది.

ఇవన్నీ నేను గట్టిగా చెబుతాను. విద్య చెప్పనివ్వదు. సొంత పిల్లల్ని పదిమందిలో పొగిడితే దిష్టి తగులుతుందని మా ఆవిడ నమ్మకం. ఆవిడ నమ్మకం చీరలతో పాటు కూతురికి వచ్చింది. ఎవరైనా "మీ అమ్మాయి భలే చేసిందండీ" అన్నారనుకోండి, విద్య వెంటనే, "ఆ, ఏదో గెంతుతుంది లెండి, మీ అమ్మాయి పాట ఎంత బాగా పాడింది" అని మాట తిప్పేస్తుంది. ఎదుటావిడ కూడా మనవాళ్లే గనక, "అబ్బే, మాదేముంది" అంటుంది. ఇద్దరూ తమ పిల్లల్ని తక్కువ చేసుకుని సంతోషంగా ఇంటికి వెళతారు. ఈ మర్యాద మనకు తెలుసు. తెల్లవాళ్లకు తెలియదు కదా.

పన్నెండో తరగతి చలికాలంలో చరిత ఒంటారియోలో వాటర్లూ వైపున్న ఒక యూనివర్సిటీకి అప్లై చేసింది. చదువులో సీటు వచ్చింది. కాని దాని మనసంతా అక్కడి చీర్ జట్టు మీద ఉంది. ఆ జట్టులో చేరడం కాలేజీలో చేరడం కన్నా కష్టం. ముందుగా వీడియో పంపాలి. అందులో నచ్చినవాళ్లకు కోచ్ స్వయంగా వీడియో కాల్ చేసి మాట్లాడి, పరీక్ష లేకుండానే కొందరిని తీసుకుంటుంది. మిగిలినవాళ్లు మే నెలలో అక్కడికి వెళ్లి, అందరి ముందూ చేసి చూపించాలి.

చరిత వీడియో ఆ కోచ్‌కు నచ్చింది. కాల్ వచ్చింది. పిల్లకు ఇంకా పద్దెనిమిది నిండలేదు కాబట్టి తల్లితో కూడా ఒక మాట మాట్లాడతానంది. కోచ్ నవ్వుతూ, మీ అమ్మాయి చాలా బలంగా, నమ్మకంగా చేస్తోందని మెచ్చుకుంది. విద్య సహజంగా ఏమనాలో అదే అంది, ఇంగ్లీషులో. అబ్బే, ఫరవాలేదు అంతే, దీనికన్నా బాగా చేసేవాళ్లు వాళ్ల జట్టులోనే చాలామంది ఉన్నారు, అంది. అమ్మాయికి జట్టులో ఉండాలని గట్టిగా ఉందా అని కోచ్ అడిగితే, చూద్దాం లెండి, ముందు చదువు కదా, అంది. పక్కన కూర్చున్న చరిత తల దించుకుని బల్లమీద గోటితో గీతలు గీస్తోంది. తర్వాత కోచ్ చరితనే అడిగింది, నువ్వు అందరికన్నా బాగా చేసేది ఏమిటి అని. మా పిల్ల అమ్మ కూతురే కదా. "నథింగ్ స్పెషల్, ఐ జస్ట్ హెల్ప్," అంది.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. నైపుణ్యం బాగుందట. కాని ప్రతి పల్టీ తర్వాత కళ్లు నేలకే ఉన్నాయట, కేక వినబడలేదట. ఇంట్లోవాళ్లకు కూడా ఇష్టం ఉందో లేదో తమకు అర్థం కాలేదట. ఇప్పుడు తీసుకోలేమని, కావాలంటే మేలో వచ్చి ప్రయత్నించమని మర్యాదగా రాశారు. అదే చివరి అవకాశం.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర చరిత కంచం ముందు కూర్చుని తల్లివైపు చూసింది.

"అమ్మా, డూ యూ రియల్లీ థింక్ ఐయామ్ జస్ట్ ఓకే?"

విద్య గరిటె కింద పెట్టింది. "అదేమిటే? ఎదుటివాళ్ల ముందు సొంత పిల్లని ఎవరైనా పొగుడుకుంటారా?"

"దెన్ వెన్ విల్ యూ సే ఇట్?"

విద్య మళ్లీ గరిటె అందుకుని దాని కంచంలో పప్పు వేసింది. నేను నోరు తెరవబోతే రవిశంకర్ కళ్లతోనే ఆపాడు. తనే నెమ్మదిగా, "నీ భయం తెలుగు దిష్టి గురించి కదా. ఇంగ్లీషులో పొగిడి చూడు, ఆ దిష్టికి అర్థం కాదేమో," అన్నాడు. అందరం నవ్వాం. విద్య కూడా నవ్వింది గాని, ఆ మాటను నిజంగానే పట్టుకుంది.

ఆదివారం అంజేష్ని వచ్చింది. ఉత్తరం చదివి, పిల్ల పల్టీలకు ఏమీ భయం లేదు, తల ఎత్తడమే నేర్పాలి అంది. ఆ పని జిమ్‌లో తను చేస్తుంది, ఇంట్లో తల్లి చేయాలి. నియమం ఏమిటంటే, చరిత పల్టీ కొట్టి లేచిన వెంటనే గడ్డం పైకెత్తి, ఎదుటి గోడ మీది గడియారాన్ని చూస్తూ తన పేరు గట్టిగా చెప్పాలి. బెంచీ మీదున్న తల్లి అంతే గట్టిగా ఒక మంచి మాట అనాలి. మర్నాటినుంచి విద్య షాపునుంచి నేరుగా జిమ్‌కు రావడం మొదలుపెట్టింది.

మొదటి రోజులు చూడాలి. చరిత పేరు చెప్పుకోవడానికి మెలికలు తిరిగేది. విద్య చుట్టూ ఎవరైనా మనవాళ్లున్నారేమో అని చూసుకుని, గొంతు తగ్గించి, "షి ఈజ్ గుడ్, బట్..." అనేది. అంజేష్ని దూరంనుంచే వేలు చూపించి, "బట్ వద్దు, ఆంటీ" అనేది. మర్నాడు, "షి ఈజ్ వెరీ గుడ్, బట్ ఓన్లీ టుడే" అంది. దానికీ అదే జవాబు. "మీ ఆవిడకి 'బట్' అలవాటు తీయడం కన్నా పిల్లకి పల్టీ నేర్పడం సులువు" అని అంజేష్ని రవిశంకర్‌తో ఇంగ్లీషులో వాపోయింది.

గొంతు పని నేను తీసుకున్నాను. నేను మా తాలూకా పోటీల్లో చెడుగుడు ఆడి బహుమతి తెచ్చినవాణ్ణి. ఊపిరి విడవకుండా కూత పెడుతూ అవతలి గీత దాటి, నలుగురిని ముట్టి వచ్చిన గుండె ఇది. మనిషిని ఎత్తినప్పుడు ఊపిరి బిగబడుతుంది, అందుకే పిల్ల కేక లోపలే ఉండిపోతోంది. కింది గదిలో సోనామసూరి బియ్యం బస్తా భుజానికెత్తుకుని అటూ ఇటూ నడుస్తూ కూత పెట్టమన్నాను. మొదట నవ్వి నవ్వి బస్తా దించేసింది. తర్వాత ఇష్టపడింది. కొన్నాళ్లకు దాని కూత వంటింట్లోకి వినబడి, విద్య మిక్సీ ఆపి మరీ వినేది. ఇది చాలదు సుమా, ఎత్తడంలో అడుగులు, భుజాల వరస, పట్టు మార్చడం, ఇవన్నీ అంజేష్ని నేర్పినవే. నాది గొంతు వరకే.

మే నెలలో విద్య, చరిత, నేను ఒంటారియో వెళ్లాం. నాకు అక్కడ పనేమీ లేదు. పులిహోర డబ్బా ఎవరైనా పట్టుకోవాలి కదా. జిమ్ చాలా పెద్దది. దేశం నలుమూలలనుంచి వచ్చిన పిల్లలు బారులు తీరి ఉన్నారు, మగపిల్లలు కూడా. మొదలయ్యే ముందు కోచ్ తల్లిదండ్రుల దగ్గరికి వచ్చి ఒక్కొక్కరినీ పలకరించింది. విద్యను చూడగానే గుర్తుపట్టింది. చరిత అక్కడే వంగి బూటు తాడు కట్టుకుంటోంది.

కోచ్ నవ్వుతూనే అడిగింది. ఫరవాలేదు అంతే అన్నారు కదా, ఇప్పటికీ అంతేనా అని.

చుట్టూ చాలామంది తల్లులున్నారు. అందులో ఒకావిడ మెడలో నల్లపూసలు నేను ముందే చూశాను, విద్య కూడా చూసింది. అలవాటైన మాట విద్య నాలుక చివరకు వచ్చే ఉంటుంది. కాని తల ఎత్తింది.

"ఐ సెడ్ ఇట్ రాంగ్. షి ఈజ్ స్ట్రాంగ్. షి నెవర్ డ్రాప్స్ ఎనీవన్. యూ విల్ బి లక్కీ టు హావ్ హర్."

అక్కడితో ఆపింది. బట్ లేదు. చరిత బూటు తాడు వదిలేసి అలాగే వంగి ఉండిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. కోచ్ విద్య చేయి పట్టుకుని ఊపి, థాంక్యూ అని ముందుకు వెళ్లింది. నల్లపూసల ఆవిడ మా వైపు తిరిగి చూసి, నెమ్మదిగా జరిగి విద్య పక్కన కూర్చుంది.

తర్వాత జరిగింది తొందరగా చెబుతాను. ముక్కూ మొహం తెలియని ఇద్దరితో కలిపి చరితకు పైనెక్కే ఒక పిల్లను ఇచ్చారు. రెండో ఎత్తుకు ఆ పిల్ల పైన తడబడి పక్కకు ఒరిగింది. మా పిల్ల రెండడుగులు అటువైపు జరిగి, ఆ పిల్ల బరువంతా తన భుజం మీదికి తీసుకుని, నేలను తాకనివ్వకుండా దించింది. దించి, గడ్డం ఎత్తి, అక్కడి గోడ మీది గడియారాన్ని చూస్తూ నవ్వింది. ఒక్కొక్కరూ ఒంటరిగా జనాన్ని కేకలు వేయించే వంతు వచ్చినప్పుడు, చరిత గొంతు జిమ్ అవతలి గోడకు తగిలి తిరిగి వచ్చింది. జనమంతా బదులు పలికారు. అందరికన్నా ముందు పలికిన గొంతు విద్యది.

సాయంత్రం కోచ్ పేర్లు చదివింది. చరిత పేరు చదవగానే అది పరుగున వచ్చి, ఏమీ చెప్పకుండా, వాళ్ల అమ్మను నడుం పట్టుకుని అమాంతం పైకెత్తేసింది.

"దించవే, పడిపోతాను," అని విద్య కేకలు.

"ఐ నెవర్ డ్రాప్ ఎనీవన్, అమ్మా."

పులిహోర ఆ జట్టు పిల్లలందరికీ చాలింది. అంజేష్నికి ఫోన్ చేస్తే అటునుంచి ఏడుపో నవ్వో తెలియలేదు. తర్వాత మాత్రం, ఆమెకు తెలిసిన మాటల్లో, "తిను, తిను" అని పిల్లకు చెప్పమంది.

ఆగస్టు చివర చరిత యూనివర్సిటీకి వెళ్లింది. తరగతులకు ముందే జట్టుకు వారం రోజుల శిక్షణ పెట్టారు. ఆదివారాలు ఫోన్ చేస్తుంది. ఈ మధ్య ఫుట్‌బాల్ మ్యాచికి మొదటిసారి మైదానం అంచున నిలబడి, తనకన్నా పెద్ద తరగతి అమ్మాయిని మోసింది. వాన పడుతున్నా ఎవరూ జారలేదట. ఇంజనీరింగులో మొదటి పరీక్ష కూడా బాగా రాసింది. విద్య ఇప్పుడు మందుల షాపులో ఎవరైనా అడిగితే ఫోన్ తీసి వీడియో చూపిస్తోంది. ఇంటికొచ్చి ఉప్పు దిష్టి తీస్తోందనుకోండి, పిల్ల ఊళ్లో లేదు కాబట్టి దాని ఫొటోకే.

దసరా పిండివంటలు మొదలయ్యాయి. అంజేష్ని, వాళ్లాయన కూడా భోజనానికి వస్తామన్నారు. థాంక్స్ గివింగ్ సెలవులు కలిసివచ్చి వారం రోజులు తెరిపి దొరికింది కాబట్టి, టికెట్ కూడా కొన్నాం. మా చరిత అక్టోబరు తొమ్మిది, శుక్రవారం సాయంత్రం ఇంటికి వస్తుంది.