ఇమ్మానుయేలు కాక, మన్ననూరు మలుపు

వెల్డింగు దుకాణం ముందు నుంచి వెళ్తే కాలిన ఇనుము వాసనకు చాలామంది ముక్కు మూసుకుంటారు. నేను నడక తగ్గిస్తాను. మొన్న మహబూబ్‌నగర్‌లో ఒక సందులో ఎవరో ఇంటి గేటుకు అతుకు వేస్తుంటే అలాగే నిలబడిపోయాను. ఒకప్పుడు మా ఇమ్మానుయేలు కాక చొక్కా కొన్ని నెలలపాటు ఆ వాసనే వేసింది.

ఆయన నాకు చుట్టం కాదు, మా ఇంటి యజమాని. తెలంగాణ వచ్చిన నాలుగో ఏటో అయిదో ఏటో, ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పడానికి ఈ ఊరు వచ్చి ఆయన మేడ మీది గదిలో కిరాయికి దిగాను. ఆయన తండ్రి ఊళ్లో దొరల దగ్గర పాలేరుగా జీతం ఉన్నాడు. ఆ ఇంట్లో మొదటి సర్కారు కొలువు ఈయనదే, బస్సు డ్రైవరు. కంటి పరీక్ష తప్పడంతో ఆఖరి రెండేళ్లు స్టీరింగు వదిలి డిపోలో కూర్చుని రిటైరయ్యాడు. భార్య చనిపోయింది. ఆదివారం చర్చి, మిగతా రోజులు వాకిట్లో కుర్చీ. బండి ఊసు ఎత్తేవాడు కాదు. ఎవరైనా ఎత్తితే లేచి లోపలికి వెళ్లిపోయేవాడు.

నాకు చిన్నప్పటి నుంచి కార్ల ఆటల పిచ్చి. జీతం చేతికి రాగానే కంప్యూటరుకు తగిలించే పాత స్టీరింగు, పెడళ్లు హైదరాబాదులో కొన్నాను. స్టీరింగు బల్లకు బిగించాను. గట్టిగా బ్రేకు తొక్కితే పెడళ్లు గోడ దాకా జారేవి, కుర్చీ వెనక్కి పోయేది. ఆ చప్పుడు విని ఒక సాయంత్రం కాక పైకి వచ్చాడు. ఏం పడిందో చూడ్డానికి వచ్చినవాడు తెర ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"కూసున్న తీరు కుదరకుంటె చెయ్యి మాట ఇనదు బిడ్డా" అన్నాడు చివరికి.

ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూనే నన్ను జడ్చర్ల రోడ్డులోని పాతసామాన్ల దుకాణానికి తీసుకుపోయాడు. నలిగిపోయిన కారులోంచి బాగున్న సీటు ఒకటి ఏరాడు. నన్ను కూర్చోబెట్టి మోకాలి నుంచి పాదం దాకా, భుజం నుంచి మణికట్టు దాకా జానలతో కొలిచాడు. ఇనుప పైపులు కోయించి, తెలిసినవాళ్ల దుకాణంలో తానే వెల్డింగు చేశాడు. ఆటబొమ్మ బ్రేకు మెత్తగా ఉందని దాని వెనక బస్సు రబ్బరు ముక్క చెక్కి పెట్టాడు. బ్రేకు కాలికి జవాబు ఇవ్వాలట. నేను తొందరపడితే పైపు పక్కన పెట్టేసి చాయ్ తాగుదామనేవాడు. అతుకు చల్లారకముందే మీద కూర్చోవడం ఆయనకు గిట్టదు.

అంతా అయ్యాక మొదట ఆయన్నే కూర్చోమన్నాను. వద్దు వద్దంటూనే కూర్చున్నాడు. ఆటలోని పందెం రోడ్డు మీద నలభై దాటకుండా నడిపాడు. వెనక నుంచి వచ్చే ప్రతి కారుకూ లేని కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి దారి ఇచ్చాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయనా నవ్వాడు. ఆయన పళ్లు నాకు కనబడింది అదే మొదటిసారి.

నెల తిరిగాక అడిగాడు, మన రోడ్డు ఒకటి అందులో పెట్టొచ్చా అని. ఏ రోడ్డంటే మన్ననూరు ఘాటు, దిగేటప్పుడు వచ్చే ఒక మలుపు అన్నాడు. అప్పుడే అసలు సంగతి చెప్పాడు. పదకొండేళ్ల కింద ఎండకాలంలో ఆ మలుపులో లారీ ఒకటి ఇంకో బండిని దాటుతూ ఈయన బస్సుకు ఎదురొచ్చింది. ఈయన ఎడమకు తిప్పి కొండకు కొట్టాడు. ప్రయాణికులంతా బతికారు. ఎడమ పక్క తలుపు దగ్గర నిలబడ్డ కండక్టరు సత్తయ్య బతకలేదు. ఇద్దరూ తొమ్మిదేళ్లు ఒకే బస్సులో, ఒకే డబ్బాలో అన్నం తిన్నవాళ్లు. విచారణలో డ్రైవరు తప్పు లేదన్నారు.

"అందరన్నరు. నేను అనుకోలేకపోతున్న" అన్నాడు కాక.

ఇద్దరం బస్సెక్కి ఘాటుకు పోయాం. టేపు పట్టుకుని మలుపు కొలిచాం. రోడ్లు గీసే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి నాకు వేసవి సెలవులన్నీ పట్టాయి. ఈలోగా ఆయన పాత బస్సు స్టీరింగు చక్రం సంపాదించి, మధ్యలో ఇనుప బిళ్ల అతికించి బిగించాడు. బస్సు బరువు, వేగం, లారీ ఎంత దూరంలో కనిపించిందీ అన్నీ ఆయన చెప్పినట్టే పెట్టాను. ముందు రోజు నేనొక్కదాన్నే నడిపి చూశాను. ఎడమకు తిప్పకుండా బ్రేకు తొక్కుతూ నేరుగా పోతే, నాలుగైదు సార్లకు ఒకసారి లారీ కుడి పక్కను చీల్చుకుంటూ పోతోంది. బస్సు నిలబడుతోంది. తలుపు వైపు ఏమీ కావడం లేదు.

నేను లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద వాకిట్లో కాక కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. తిరిగి వచ్చి టైర్ల పట్టు తగ్గించాను. ఇప్పుడు నేరుగా పోయిన ప్రతిసారీ బస్సు జారి అవతలి పక్క లోయలో పడుతుంది. అందరూ పోతారు. కొండకు కొట్టడమే సరైన పని అని తేలుతుంది.

మర్నాడు ఆయన ఎడమకు తిప్పకుండా మూడుసార్లు నడిపాడు. మూడుసార్లూ లోయ. నాలుగోసారి మధ్యలోనే కాలు తీసేశాడు.

"ఎండకాలం రోడ్డు మీద బండి గిట్ల జారదు. ఏమన్న మార్చినవా?"

అవునన్నాను. తల ఎత్తలేకపోయాను. ఆయన కోప్పడలేదు.

"నన్ను మంచోణ్ని చెయ్యాల్నని చూసినవు. గంతే గద. ఉన్నదున్నట్టు పెట్టు బిడ్డా."

పెట్టాను. ఏడోసారికో ఎనిమిదోసారికో బస్సు నిలబడింది. తెరలో కుడి పక్క అంతా నలిగిపోయి ఉంది, డ్రైవరు కూర్చునే పక్క. కాక చక్రం మీద చేతులు అలాగే ఉంచి వాటినే చూశాడు.

"గా దినం ఈ చేతులు ముందుగాల నన్ను కాసుకున్నయి."

అంత తక్కువ వ్యవధిలో ఎవరూ ఆలోచించి తిప్పరని, యంత్రం చెప్పింది కూడా పూర్తి నిజం కాదని చెప్పబోయాను. అవన్నీ తనకు తెలుసన్నట్టు చెయ్యి ఊపి కిందికి దిగిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఉన్నదున్నట్టు పెట్టి తప్పు చేశానేమో అనుకున్నాను. పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మెట్ల కింద నిలబడి, నారాయణపేట దాకా తోడు రమ్మన్నాడు.

సత్తయ్య భార్య లక్ష్మమ్మ మగ్గం మీద ఉంది. కాకను చూసి లేవలేదు, పని ఆపింది. ఆయన గడపలోనే నిలబడి, ఎడమకు తిప్పకుంటే సత్తయ్య బతికేవాడేమో అని ఉన్నదంతా చెప్పాడు. ఆమె వింటూ తెగిన పోగు ఒకటి ముడి వేసింది. ముడి బిగించాక తలెత్తింది.

"నువ్వు ఎటు తిప్పినవో నేను ఎన్నడన్న అడిగిన్నా అన్నా? తొమ్మిదేండ్లు కలిసి తిన్నోడివి, సచ్చినంక పదకొండేండ్లు ఈ గడప తొక్కకపోతివి. గదే నాకు కడుపుల ఉన్నది."

కాక ఏడవడం నేను చూశాను. ఆమె జొన్న రొట్టె, పచ్చిపులుసు పెట్టింది. తినేదాకా ఎదురుగా కూర్చుంది.

ఆ తర్వాత నెలకోసారి ఆయన నారాయణపేటకు పోయి వచ్చేవాడు. పందెం రోడ్ల మీద నాతో పోటీపడి మెల్లమెల్లగా అరవై దాకా వచ్చాడు. అంతకు మించనని పంతం. రెండేళ్ల కింద వానకాలంలో జ్వరంతో పోయాడు. చర్చి వెనక సమాధి దగ్గర లక్ష్మమ్మ అందరికంటే ఆఖరున కదిలింది.

కాలేజీలో ఏటా ప్రాక్టికల్స్ అవుతాయి. పుస్తకంలో ఉన్న విలువను ముందే తెలుసుకుని, దానికి సరిపోయేలా రీడింగులు రాసుకొస్తారు విద్యార్థులు. మునుపు నేనూ చూసీ చూడనట్టు సంతకం పెట్టేదాన్ని. ఇప్పుడు రికార్డు మూసేసి, నీకు ఎంత వచ్చింది అని అడుగుతాను. వాళ్లు భయపడుతూ, గొంతు తగ్గించి అసలు అంకె చెబుతారు. అదే రాయమంటాను. రాసేదాకా పక్కనే నిలబడతాను.