ఎనక ఒచ్చేటోడు

మన్సూరాబాద్‌లో గదులు కిరాయికిచ్చే జనార్ధన్, "నీ ఎనక ఇంకెవరొస్తరు?" అని అడగనిదే ఎవరికీ తాళంచెవి ఇవ్వడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పేటప్పుడూ అదే అనుమానం. తెలంగాణ ఉద్యమ కరపత్రాల కోసం శిష్యురాలు సంతోషి తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ రాసి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అంది. ఆ మాట రాసిన లైసెన్సు చదివి ఆయన తలూపాడు. నడిపి చూసి మాత్రం కళ్లద్దాలు పైకి తోశాడు.

"నడిచేటప్పుడు బయటి ఫైలును పిలుస్తున్నది. ఎవరిదది?"

"అక్షరాల తప్పులు దిద్దే ఫైలు సార్, ఒక కంపెనీది. నేను పంచుతలేను. ఎవరి కంప్యూటర్ల ఉంటే ఆడికెళ్లి తీసుకుంటది."

"కిరాయిదారు కాగితం మంచిగనే ఉన్నది. ఎనక ఒచ్చేటోని కాగితమేది? అడగకుంట వాడుతున్నరని కంపెనీ నోటీసిస్తే మన పనంత ఆగుతది. తీసెయ్."

"తీసేస్తే తప్పులెవరు దిద్దుతరు సార్? రేపే ధర్నా."

జనార్ధన్ జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, మొదటి కరపత్రంలోని ఒక్కో అక్షరాన్నీ అనుమానంగా చూడసాగాడు.