పది లక్షల మూడు

గాలి వచ్చే గదిని ఒక సంఖ్య మీద పందెం కాసినవాడు హఫీజ్‌పేట్ మొత్తానికి నేనొక్కణ్ణే. ఆ ఘనత ఇప్పటికీ నాదే.

డెబ్బైల మొదట్లో సంగతి. స్టేషన్ దగ్గర మాకు కిరాణా కొట్టు ఉండేది. వెనక రేకుల గదిలో కోస్తా నుంచి వచ్చిన లెక్కల మాస్టారు భార్యతో, మూడు నెలల పాపతో కిరాయికి ఉండేవారు. ఎండలు ముదురుతుండగా ఆయన నన్ను అడిగారు: "బాబూ, ఈ రెండు నెలలూ మీ ముందుగది మాకిచ్చి మీరు ఇందులో సర్దుకుంటారా? పాప రేకుల వేడికి ఆగట్లేదండి."

సరే అంటే అయిపోయేది. కానీ అడగ్గానే ఇచ్చేస్తే నేను కొట్లో పెరిగి ఏం లాభం?

"ఊకెనే ఎట్లిస్త సార్? పందెం పెట్టుకుందం."

నేను ఓడితే గది ఆయనది. గెలిస్తే ఆయన టేబుల్ ఫ్యాను వేసవంతా నాది. ఎంత పెద్ద బస్తానైనా గింజ మిగలకుండా సమానమైన పొట్లాలు కడతానని నా గొప్ప. ఆయన పలక మీద 10,00,003 అని రాశారు.

"ఇన్ని గింజల్ని సమానంగా కట్టండి. అంతా ఒకే పొట్లం అన్నా, పొట్లానికొకటి అన్నా ఒప్పుకోను. పదిహేను రోజులు గడువు. పొట్లాల సంఖ్య వెయ్యి దాకా చూస్తే చాలండి, ఆపైన అక్కర్లేదు."

అక్కడే నాకు అనుమానం వచ్చింది. ధాన్యం మార్కెట్లో 'ఇంతవరకు చూస్తే చాలు' అన్న బస్తా అడుగునే పుచ్చు గింజలుంటాయి. అందుకని వెయ్యి లోపలివి ముట్టుకోకుండా 1001 నుంచి భాగించడం మొదలుపెట్టాను. సరి సంఖ్యలు వదిలేసి 1501 దాకా వచ్చేసరికి పన్నెండు రోజులు పట్టింది. ఒక్కదానితోనూ తెగలేదు.

బల్ల మీద సబ్బులు పేరుస్తున్న అమ్మ అడిగింది: "ఏంది బిడ్డా, గిన్ని కాయితాలు ఖరాబు చేస్తున్నవ్?"

చెప్పాను. చేతిలోని సబ్బుతో బల్ల మీది వరుసలు చూపించింది.

"పన్నెండు సబ్బులు ఆరు వరుసలు పెడ్తె వరుసకు రెండు. గవే పక్కకెల్లి చూస్తె రెండు వరుసలు, వరుసకు ఆరు. నీ పొట్లాలు వెయ్యి దాటినయంటే ఒక్కోదాంట్ల వెయ్యి కంటే తక్కువనే పడ్తయి గద. ఆ తక్కువది ముందుగాల చూస్తె, ఇగ పైది చూసుడెందుకు?"

మాస్టారి బస్తాలో మోసం లేదు. మిగిలిన మూడు రోజులు కొట్టు వదిలేసి కూర్చున్నాను. మూడుతో తెగనిది తొమ్మిదితోనూ తెగదు కనుక, వెయ్యి లోపలి ప్రధాన సంఖ్యలు చూస్తే చాలు. అవి నూట అరవై ఎనిమిది. ఏడుతో భాగిస్తే నాలుగు మిగిలింది. పదకొండుతోనూ నాలుగే, పదమూడుతోనూ నాలుగే. ఆఖరిది 997, దానికి పన్నెండు మిగిలింది.

"తెగలేదు సార్."

"తెగదండి. అదీ ప్రధాన సంఖ్యే."

"మీకు ముందే ఎరుకనా?"

"తెలుసండి. మీరు ఊరికే ఇవ్వరనీ తెలుసు."

ఆయన భార్య అప్పటికే చాపలు చుట్టి పెట్టింది. ఆమె భుజం మీద పాప వీపంతా చెమటకాయలు.

లెక్క ఇది. భాగహారాలు నాలుగు వందల పంతొమ్మిది, అందులో మొదటి రెండు వందల యాభై ఒకటీ దండగ. నోటు పుస్తకాలు రెండు. రేకుల కింద రెండు నెలలు. ఇవి నేను కట్టాను. గది అడిగిన రోజు నుంచి ఇచ్చిన రోజు దాకా పదిహేను రోజుల వేడి. అది ఆ పాప కట్టింది.